బేరింగ్ హబ్‌లోంచి చేతికే ఊడి వస్తుంటే పంచ్ కొట్టించవచ్చా?

పాత స్ప్లెండర్ వెనక చక్రానికి కొత్త 6301 బేరింగులు వేయించిన రెండు నెలలకే మళ్లీ ఊగుతోందని, విప్పితే బేరింగ్ చేతికే వచ్చేస్తోందని, హబ్‌లో బేరింగ్ కూర్చునే గుంట, అంటే సీటు చుట్టూ పంచ్ కొట్టి వేస్తానని మెకానిక్ అంటున్నారని రాశారు. పంచ్ వద్దని గట్టిగా చెప్పండి. హబ్ ఇంకా బాగుపడే స్థితిలోనే ఉండొచ్చు. పంచ్ పడిన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది.

సెంటర్ పంచ్ దెబ్బకు అల్యూమినియం మొటిమల్లా లేస్తుంది. బేరింగ్ ఆ పదీ పదిహేను మొనల మీదే కూర్చుంటుంది. వేసేటప్పుడు బిగుతుగా దిగుతుంది కాబట్టి పని బాగా జరిగిందనిపిస్తుంది. రోడ్డెక్కాక మొనలు నలిగిపోయి మళ్లీ లూజవుతుంది. ఒక వైపు గట్టిగా, మరో వైపు మెల్లగా కొడితే బేరింగ్ పక్కకు జరిగి డ్రమ్ము సెంటర్ తప్పుతుంది, బ్రేకు కొడుతుంటే పెడల్ అదురుతుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టి వేసినా అంతే. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి తప్ప పనికిరాదు.

ముందు ఊగేది ఏదో తేల్చుకోండి. మెయిన్ స్టాండు వేసి, ఒక చేత్తో చక్రం పైభాగం పట్టుకుని అటూఇటూ ఊపుతూ, రెండో చేతి వేలు యాక్సిల్ దగ్గర స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీద పెట్టండి. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా కదిలితే దాని బుష్‌లు పోయినట్టు, బేరింగులు మార్చి లాభం లేదు. చక్రం ఒక్కటే కదిలితే విప్పి హబ్ సీటు చూడండి. బేరింగ్ బయటి రింగు లోపలే తిరిగి ఉంటే సీటు అద్దంలా మెరుస్తుంది, చుట్టూ గీతలుంటాయి. గుడ్డతో తుడిస్తే బూడిద రంగు జిడ్డు అంటుతుంది. అది అరిగిన అల్యూమినియమే.

ఎందుకు తిరిగిందో చూడకుండా ఏం వేసినా నిలవదు. ఎక్కువ సార్లు తప్పు రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం, డిస్టెన్స్ కాలర్‌ది. అది లేకపోయినా, అంచులు నలిగి పొట్టిదైనా, యాక్సిల్ నట్టు బిగించగానే లోపలి రింగులు రెండూ ఒకదానివైపు ఒకటి లాగబడతాయి. బాల్స్ పక్కకు నొక్కుకుని వేడెక్కుతాయి, బేరింగ్ పట్టేస్తుంది, అప్పుడు బయటి రింగు హబ్‌ను కోస్తూ తిరుగుతుంది. చైను మరీ బిగుతుగా ఉంచడం, సర్వీసింగులో నీళ్ల జెట్ నేరుగా హబ్ మీద కొట్టడం కూడా బేరింగును తినేస్తాయి. ఆయిల్ సీలు పెదవి గట్టిపడి ఉంటే కొత్తది వేయండి.

6301 కొలత లోపల 12, బయట 37, మందం 12 మిల్లీమీటర్లు. సీటు 37 కంటే వెంట్రుకవాసి తక్కువ ఉంటేనే బిగుతు. ఎంత అరిగిందో టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్‌తోనే (రకరకాల మందాల సన్న రేకుల కట్ట) తెలుస్తుంది. కొత్త బేరింగును సీటులో పెట్టి ఒక పక్కకు నొక్కి, ఎదుటి పక్క సందులో రేకు దూర్చండి. 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరకపోతే లాక్‌టైట్ 641 అనే అతికించే మందు చాలు. 0.05 దూరినా, 0.20 దూరకుండా ఆగితే లాక్‌టైట్ 638 వాడండి. ఇవి నట్లు వదులవకుండా పూసే థ్రెడ్ లాకర్లు కావు, బేరింగులు పట్టి ఉంచడానికే చేసినవి. సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బేరింగ్ షాపుల్లో అడగండి. ఇంట్లో ఉందని మామూలు ఎపాక్సీ పూయకండి. మందంగా నిలిచి బేరింగును వంకరగా కూర్చోబెడుతుంది.

ఈ పనిలో శుభ్రతే సగం. పంచ్ ఇంతకుముందే కొట్టి ఉంటే మొనల్ని సన్న ఎమరీతో సమం చేయండి. సీటునూ బేరింగ్ బయటి రింగునూ పెట్రోలుతో కడిగి, చివర థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి. వేలి జిడ్డు ఉన్నా పట్టు తగ్గుతుంది. మందు సీటు గోడకే పలచగా పూయాలి, బేరింగుకు పూస్తే సీలు వైపు పాకుతుంది. భుజం (సీటు అడుగున బేరింగ్ ఆగే మెట్టు) ఉన్న వైపు బేరింగును ముందు అడుగంటా దించి, కాలర్ పెట్టి, రెండోదాన్ని దాని లోపలి రింగు కాలర్‌కు ఆనేదాకా మాత్రమే దించండి. అవసరమైతే బయటి రింగు మీదే కొట్టాలి, 36 మిల్లీమీటర్ల బయటి కొలత ఉన్న సాకెట్ సరిపోతుంది. లోపలి రింగు మీద కొడితే బాల్స్ దారిలో గుంటలు పడి కొత్త బేరింగ్ ఆ క్షణమే పోతుంది. మందు తడిగా ఉండగానే యాక్సిల్ దూర్చి నట్టు చేతి బిగుతుగా పెట్టండి, రెండు బేరింగులూ ఒకే వరుసలో నిలుస్తాయి. బయటికి పొంగిన మందు గాలికి గట్టిపడదు, దాన్ని తుడిచేయండి. డ్రమ్ము లోపల పడనివ్వకండి. 24 గంటలు బండి కదపొద్దు.

0.20 రేకు దూరుతున్నా, సీటు కోలగా అరిగినా మందులు వద్దు. లేత్ మీద సీటు పెద్దది చేసి స్లీవ్ (లోపలి తొడుగు) వేయించవచ్చు గానీ, స్పోకుల చక్రం రిమ్ముతో సహా చిన్న లేత్ మీద తిరగదు, స్పోకులు విప్పాల్సిందే. ఎలాగూ విప్పుతున్నప్పుడు కొత్త హబ్ వేయించడమే నా సలహా. మళ్లీ అల్లే కూలి రెండింటికీ ఒకటే.

బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ యాక్సిల్ నట్టు బిగించండి. నట్టు బిగిసే కొద్దీ చక్రం బరువెక్కితే ఆపేసి, విప్పి కాలర్ మార్చండి. తేలిగ్గా తిరిగితే 200 కిలోమీటర్ల తర్వాత మళ్లీ మెయిన్ స్టాండు వేసి ఊపి చూడండి. ఒకసారి నడిపి ఆపగానే హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి, బ్రేకు పెద్దగా వాడకుండానే కాలుతుంటే బేరింగ్ ఇంకా నొక్కుకుంటోందన్నమాట.