అడగని సాయం గురించి, నీ కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని. కథలోని ఆ అక్క మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. చిక్కు కూడా అక్కడే వచ్చిందనిపించింది. ఆమె మీద ఇష్టంతో, ఆమె నిజంగా ఏం చేస్తోందో చూడటం నువ్వు మానేశావమ్మా.

ఆమె తమ్ముడికి ఏమేం ఇచ్చిందో ఒక కాగితం మీద రాసుకున్నాను. చదువుకు డబ్బు, తర్వాత తన గది, తర్వాత అతని అప్పుకు హామీ సంతకం. ఉద్యోగం దరఖాస్తు తనే నింపింది. అతనికీ భార్యకూ గొడవైతే తనే వెళ్లి సర్ది చెప్పింది. చివరికి తన పెళ్లే మానుకుంది. ఆపైన ఆస్పత్రి మంచం, తమ్ముడి పశ్చాత్తాపం. పదకొండు పేజీల్లో ఆరు త్యాగాలు. చిన్న కథ అంత బరువు మోయలేదు. మూడోది వచ్చేసరికి నాలుగోది ఏమిటో పాఠకుడు ఊహించేస్తాడు. ఇక అక్కడి నుంచి పేజీలు తిప్పుతాడు, అంతే.

ఆరింటిలో మూడు ఉంచు, చాలు. ఆ మూడూ ఒకే రకంగా ఉండకూడదు. మొదటిది తమ్ముడు అడిగితే ఇచ్చినది కావాలి. రెండోది అడగకుండా ఇచ్చినది. మూడోది అతను వద్దంటున్నా ఇచ్చినది. ఈ మెట్లు ఉంటే, దయ ఎక్కడ దారి తప్పిందో నువ్వు నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

మూడోదాని కోసం నువ్వు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. నీ మూడో పేజీలోనే ఉంది. దరఖాస్తు కాగితాలు ముందేసుకుని తమ్ముడు "నేను చూసుకుంటాలే అక్కా" అంటాడు. ఆమె "నీకేం తెలుసు, ఇటివ్వు" అని కాగితాలు లాక్కుంటుంది. ఒక్క ముక్కలో రాసేసి ముందుకు వెళ్లిపోయావు. నేను దాని కింద గీత గీశాను. ఆ క్షణం వరకూ అవసరం అతనిది, అక్కడి నుంచి అవసరం ఆమెది. కథంతా ఆ లాక్కున్న కాగితాల్లోనే ఉంది. అక్కడ ఆగు. ఆమె చేతి వేగం చూడు. అతను ఖాళీ చేతులతో ఎటు చూశాడో చూడు. ఆమె నింపుతుంటే అతను అక్కడే కూర్చున్నాడా, లేచి వెళ్లాడా? నువ్వు రాయలేదు. నాకు తెలుసుకోవాలని ఉంది.

మన పెద్దవాళ్లు "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అన్నారు. మంచి మాటే. అయితే అది ఇచ్చేవాడి నష్టం గురించే చెబుతుంది. పుచ్చుకునేవాడికి జరిగే నష్టం ఆ సామెతలో లేదు. నీ కథకు అదే ముఖ్యం. ఆ తమ్ముడు ముప్పై ఏళ్లు వచ్చినా ఒక కాగితం నింపలేని మనిషి అయ్యాడు. అతన్ని స్వార్థపరుడని ఏడో పేజీలో రాశావు. తొందరపడ్డావు. ఎదుటివాడు దుర్మార్గుడైతే కథ సులువైపోతుంది, మనకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెంటనే తెలిసిపోతుంది. అతన్ని మామూలు మనిషిగా ఉంచి చూడు. అక్కంటే ప్రేమ ఉంది, సిగ్గు ఉంది, ఎప్పటికీ తీరని రుణం మెడకు చుట్టుకున్నట్టు ఒక ఉక్కిరిబిక్కిరి ఉంది. అక్క ఇంటికి రావడం అతను ఎందుకు తగ్గించుకున్నాడో అప్పుడు నీకే అర్థమవుతుంది.

దానం అనగానే కర్ణుడు గుర్తొస్తాడు. ఎఱ్ఱన పూర్తిచేసిన అరణ్యపర్వంలో ఆ కవచకుండలాల ఘట్టం మళ్లీ ఒకసారి చదువు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడని సూర్యుడు ముందే కలలో కనిపించి హెచ్చరిస్తాడు. ఇవ్వొద్దంటాడు. కర్ణుడు వినడు. ప్రాణం కంటే కీర్తి గొప్పదంటాడు. సరే, ఇవ్వక తప్పదనుకుంటే బదులుగా శక్తి ఆయుధమైనా అడగమని సూర్యుడు చెబుతాడు, కర్ణుడు అలాగే అడుగుతాడు. దానకర్ణుడు అని ఒక్క మాటలో తేల్చేస్తాం కానీ ఆ ఘట్టంలో ఎన్ని పొరలున్నాయో చూడు. వచ్చినవాడు ఎవరో తెలుసు, ఇస్తే ఏమవుతుందో తెలుసు, అయినా ఇచ్చాడు. ఆ ఇవ్వడంలో వ్రతం ఉంది, కీర్తి మీద కోరిక ఉంది, కొంచెం బేరం కూడా ఉంది. అయినా అతను మన కళ్లలో తగ్గిపోడు, ఇంకా దగ్గరవుతాడు. నీ కథలో అక్కను హెచ్చరించేవాళ్లు ఒక్కరూ లేరు. ఒకరిని పెట్టు. స్నేహితురాలు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. "ఇక చాలు, వాణ్ణి వదిలెయ్" అని ఒక్కసారి అనిపించు. దానికి అక్క ఏం జవాబు చెబుతుందో అందులో ఆమెకు నిజంగా ఏం కావాలో బయటపడుతుంది. "నేను లేకపోతే వాడేమైపోతాడు" అంటుందా? అంటే, ఆమెకు ఏ భయం ఉందో తెలిసినట్టే.

ఇంకో కథ. ఫ్రెంచి రచయిత మొపాసా 1880లో అచ్చువేసిన 'బూల్ ద స్వీఫ్'. ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక బండిలో కొందరు ఊరు దాటుతుంటారు. వాళ్లలో ఒక వేశ్య. పెద్దమనుషులు ఆమెను చిన్నచూపు చూస్తారు. ఆకలి వేసేసరికి ఆమె తన బుట్ట విప్పి అందరికీ పంచుతుంది. తర్వాత ఒక శత్రు సైనికాధికారి ఆమె తనకు లొంగితే గానీ బండి కదలనివ్వనంటాడు. బండిలో వాళ్లు దాదాపు అందరూ నీతులు చెప్పి, దేవుడి పేరు చెప్పి ఆమెను ఒప్పిస్తారు. మర్నాడు బండి బయలుదేరాక అందరి దగ్గరా తిండి ఉంటుంది, హడావుడిలో ఆమె ఏమీ తెచ్చుకోలేకపోతుంది. ఒక్కరూ పెట్టరు. ఆమె ఏడుస్తుంది. మొదట్లో చేసిన పనినే చివర్లో తిరగేసి చూపించాడు, అంతే. తిండి పంచుకోవడం అనే ఒక్క మామూలు విషయంతో ఎంత చెప్పాడో చూడు. నీ కథలో ఆస్పత్రి మంచం చేయలేని పని అలాంటి చిన్న వస్తువు చేస్తుంది. నీ దగ్గర ఆ దరఖాస్తు కాగితం ఉంది. దాన్ని వదులుకోకు.

అక్క ఇచ్చినవన్నీ ఆమెవేనా అని కూడా ఒకసారి చూసుకో. తన గది ఇచ్చింది సరే, ఆ గదిలో తల్లి కూడా ఉంటుందని రెండో పేజీలో నువ్వే రాశావు. ఆ తల్లి తర్వాత ఎక్కడ పడుకుంది? హరిశ్చంద్రుడు రాజ్యం ధారపోస్తే ముందు అమ్ముడుపోయినవాళ్లు చంద్రమతీ లోహితాస్యుడూ. దయ హద్దు దాటిన చోట మూల్యం చెల్లించే మూడోమనిషి దాదాపు ఎప్పుడూ ఉంటారు, వాళ్లు మాట్లాడరు. తల్లి హాల్లో చాప పరుచుకుంటున్న ఒక్క దృశ్యం చాలు. దాని మీద వ్యాఖ్య రాయకు.

మాటల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. "దయామయి", "వెన్నలాంటి మనసు", "చేతికి ఎముక లేదు" వంటివి తీసెయ్. కథ చెప్పే గొంతు ఆమెను పొగుడుతున్నంతసేపూ పాఠకుడికి అనుమానమే. "నేనెప్పుడూ లెక్క పెట్టుకోలేదు" అని ఆమె చేత అనిపించావు చూడు, అది మాత్రం ఉంచు. లెక్క పెట్టుకున్నవాళ్లే అనే మాట అది.

ఈ సంగతి నాకు ఎలా తెలుసో చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు కథలు పట్టుకొచ్చేవాడు. చురుకైనవాడు. మొదట్లో అక్షరదోషాలు దిద్దేవాణ్ణి. తర్వాత వాక్యాలు. తర్వాత ముగింపులు నేనే మార్చి రాసేవాణ్ణి, పత్రికలకు కూడా నేనే పంపేవాణ్ణి. రెండు కథలు అచ్చయ్యాయి. అతనికి మంచి చేస్తున్నాననే నమ్మకం నాకు పూర్తిగా ఉండేది. తర్వాత అతను రావడం మానేశాడు. కొన్నేళ్లకు కనిపిస్తే, ఏం రాస్తున్నావని అడిగాను. "ఏమీ రాయట్లేదండీ. అచ్చయినవి మీ కథలు. నేను రాస్తే ఎలా ఉంటుందో నాకింకా తెలీదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకే కోపం వచ్చింది. నీ కోసం ఎన్ని రాత్రులు కూర్చున్నాను అనే మాట నోటి దాకా వచ్చి ఆగింది. అన్ని రాత్రులూ నాకు లెక్క గుర్తుందని అప్పుడే తెలిసింది. అతను మళ్లీ రాయలేదు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే నీ కథను ముట్టుకోలేదు. మూడో పేజీలో ఆ గీత తప్ప వేరే గుర్తులేమీ ఉండవు. ఇంతసేపూ చెప్పినవాటిలో కూడా నీకు కుదరనివి పక్కన పెట్టెయ్. ముగింపులో ఆస్పత్రి మంచం పనిచేయలేదని అన్నాను కదా, ఎలా ఉంటే బాగుంటుందో నాకొక ఆలోచన ఉంది. అది మాత్రం చెప్పను. కాగితాలు లాక్కున్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టు, ఎటు వెళ్తుందో అటు వెళ్లు. రాశాక నాకు చూపించాలనిపిస్తే చూపించు. నేరుగా పత్రికకు పంపినా నాకు సంతోషమే, అచ్చయ్యాక అందరితో పాటు చదువుకుంటాను.

నీ కథ ఇందులోనే పెట్టి పంపుతున్నాను.