ఫిల్టర్ చేయించినా బీడీవీ మళ్లీ ఎందుకు పడిపోతోంది?

500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏప్రిల్‌లో ఆయిల్ ఫిల్టర్ చేయిస్తే బీడీవీ (ఆయిల్ ఎన్ని కిలోవోల్టుల దాకా తట్టుకుంటుందో చెప్పే కొలత, చెమ్మ చేరితే పడిపోతుంది) 60 కేవీ దాటిందని, వానలు పడ్డాక 28కి దిగిందని, ఇక ఆయిల్ మొత్తం మార్చేయాలా అని అడిగారు. అప్పుడే మార్చకండి. కొత్తది పోసినా కొన్నాళ్లకి మళ్లీ ఇదే వరస కావచ్చు.

లోపలి చెమ్మలో దాదాపు అంతా వైండింగ్‌కి చుట్టిన కాగితంలోనే దాక్కుని ఉంటుంది. ఆయిల్లో ఉండేది పిసరంత. వేడెక్కితే కాగితం నుంచి ఆయిల్లోకి వస్తుంది, చల్లారితే మళ్లీ కాగితంలోకి చేరుతుంది.

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసొచ్చింది. కాంట్రాక్టర్ పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా మెషిన్ సర్దేశాడు. బీడీవీ బ్రహ్మాండం. రెండు నెలలకి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి వేరే ముసలాయన్ని పిలిచాం. లైన్ ఆఫ్ చేయించి, ఎర్తింగ్ చేసి, రేడియేటర్ల వాల్వులు మూసి, వేడి పోకుండా ట్యాంకు చుట్టూ టార్పాలిన్లు కప్పాడు. ఆయిల్‌ని 60-65 డిగ్రీల దగ్గర ఉంచి రెండు రాత్రులు, రెండు పగళ్లు తిప్పాడు. మెషిన్లోని వాక్యూమ్‌లో నీరు ఆ మాత్రం వేడికే ఆవిరైపోతుంది. కానీ వాక్యూమ్ మెషిన్ వరకే. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకే పెడతామంటే ఒప్పుకోకండి, అందుకు తగ్గట్టు కట్టనిదైతే రేకు లోపలికి నొక్కుకుపోతుంది.

మొదటి రోజు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) రీడింగ్ పడిపోతుంటే మా ఓనర్‌కి ఒకటే టెన్షన్. వేడెక్కేటప్పుడు పడటం మామూలే. వేడి నిలకడగా ఉండగా రీడింగ్ మెల్లగా పైకి లేస్తోందంటే కాగితం ఆరుతోందన్నమాట. అది కూడా ఒక చోట ఆగి, గంటల తరబడి కదలకపోతేనే ముసలాయన మెషిన్ ఆపాడు.

ఇంత చేసినా, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడకపోతే దండగే. మా దగ్గర అసలు దొంగ బ్రీదరే, అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి వెళ్లే గాలిలోని చెమ్మని సిలికా జెల్ గింజలతో పీల్చేసే డబ్బా. సిలికా జెల్ మార్చిన కుర్రాడు కింది కప్పులో ఆయిల్ పోయడం మర్చిపోయాడు. బయటి గాలి నేరుగా తగిలి నీలం గింజలు నెల తిరక్కుండా గులాబీ రంగుకి తిరిగాయి. (వాటిని వేయించి మళ్లీ వాడొచ్చు గానీ, వంటకి వాడే మూకుడులో మాత్రం వద్దు. ఆ రంగు మంచిది కాదు. మావాడు టీ గిన్నె తెచ్చాడు!) తర్వాత బుషింగ్‌ల (కరెంటు తీగలు ట్యాంకు బయటికి వచ్చే పింగాణీ గొట్టాల) దగ్గర, పై మూత దగ్గర గ్యాస్కెట్లు చూడండి.

ఇంకోటి, శాంపిల్ వానలో తీశారా? సీసా సరిగా ఆరబెట్టారా? నలకలున్నా బీడీవీ పడుతుంది కాబట్టి ల్యాబ్‌లో నీరు ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో కూడా చూడమనండి. శాంపిల్ తీసినప్పుడు ఆయిల్ ఎంత వేడిగా ఉందో రాసి ఇవ్వండి. చల్లటి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీస్తే పీపీఎం తక్కువ వచ్చి మోసం చేస్తుంది.

ముందు మీ బ్రీదర్ కింది కప్పులో ఆయిల్ ఉందో లేదో చూసి చెప్పండి.