‘అడ్వైజెస్’ అన్నానని మాట్లాడడం మానేసిన తమ్ముడికి

తమ్ముడూ,

మీటింగ్‌లో ‘అడ్వైజెస్’ అన్నావనీ, పక్కనున్నతను ‘అడ్వైస్’ అని సరిచేశాడనీ, అప్పట్నుంచి నోరు విప్పాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. నేను ఈ దేశానికి వచ్చి పందొమ్మిదేళ్లయింది. నీ తప్పులన్నీ నీకంటే ముందే చేసినవాణ్ణి కనుక పెద్దరికం తీసుకుని చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో వారం మా మేనేజర్‌కి పెద్ద మెయిల్ రాశాను. అందులో ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఫీడ్‌బ్యాక్స్’ అన్నీ ఉన్నాయి. ఆయన ఆ మూడు ‘ఎస్’లూ కొట్టేసి, మిగతాది బాగుందని జవాబిచ్చారు. మంచి మనసుతోనే చేశారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం నా సీటు దగ్గరే ఒక్కణ్ణే తినేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే ‘గుడ్’ అని ఊరుకునేవాణ్ణి. కొన్నాళ్లకు వాళ్లూ పలకరించడం మానేశారు. ఆ చలికాలం జ్వరంతో నాలుగు రోజులు మంచం మీదున్నాను, ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ మర్చిపోలేను.

అసలీ తప్పు ఎందుకొస్తుందో చూడు. ‘నీళ్లు వచ్చాయి’, ‘పాలు పొంగాయి’ అంటాం. అవి మనకు ఎప్పుడూ బహువచనమే. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ ఏకవచనం. సలహాలు, సామాన్లు, వార్తలు మనం లెక్కపెడతాం. ఇంగ్లీషు వాటిని కూడా నీళ్లలాగే విడదీయకుండా చూస్తుంది. న్యూస్ చివర ‘ఎస్’ ఉన్నా ‘ద న్యూస్ ఈజ్ గుడ్’ అనే అనాలి. సూట్‌కేసు లెక్కకొస్తుంది, లగేజీ రాదు. కుర్చీ వస్తుంది, ఫర్నిచర్ రాదు. వస్తువులు అవే అయినా మాటను బట్టి లెక్క మారుతుంది. తప్పనిసరిగా లెక్క చెప్పాల్సొస్తే, మనం ‘గ్లాసుడు నీళ్లు’ అన్నట్టే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అంటే సరి. ఇలాంటి మాటల ముందు ‘మెనీ’ రాదు, ‘మచ్’ వస్తుంది.

రెండు రకాలుగానూ వాడే మాటలతోనే నేను ఎక్కువ తిప్పలు పడ్డాను. రెజ్యూమేలో ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాయాలి. ‘ఎక్స్‌పీరియన్సెస్’ అంటే జరిగిన సంగతులు. హెయిర్ అంటే జుట్టు, హెయిర్స్ అంటే విడి వెంట్రుకలు. మిగతా మాటలకు డిక్షనరీ ఉంది. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన డిక్షనరీల్లో మాట పక్కన ‘సి’, ‘యు’ అని గుర్తులుంటాయి. ‘సి’ ఉంటే లెక్కపెట్టొచ్చు, ‘యు’ ఉంటే కుదరదు.

నేను బయటపడింది మాత్రం డిక్షనరీతో కాదు. మా టీమ్‌లోకి ఒక ఫ్రెంచ్ ఆవిడ వచ్చింది. ఫ్రెంచ్‌లో ఇన్ఫర్మేషన్‌కి బహువచనం ఉంది కాబట్టి ఆవిడా ‘ఇన్ఫర్మేషన్స్’ అనేది. ఎవరో సరిచేస్తే ‘థాంక్స్’ అని, చెబుతున్న విషయం అక్కణ్ణుంచే కొనసాగించేది. నెల తిరిగేసరికి అందరితో కలిసిపోయింది. ఏడాదిన్నరగా అక్కడే ఉన్న నేను మాత్రం ఇంకా సీటు దగ్గరే తింటున్నాను. మర్నాడు నా డబ్బా పట్టుకుని వెళ్లి వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు కూడా రెండు తప్పులు మాట్లాడాను, ఒకటి సరిచేశారు. ఈరోజు ఇరవైమంది ముందు నిలబడి మాట్లాడతాను, నా మెయిళ్లు చూసి రాయడం నేర్చుకునేవాళ్లున్నారు.

నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ‘అడ్వైజెస్’ సంగతి కాదు. చివర్లో ‘ఈమధ్య గదిలోనే తింటున్నాను’ అని రాశావే, అది. సోమవారం వెళ్లి, నిన్ను సరిచేసినతని పక్కనే కూర్చో. ఏం మాట్లాడాలో తోచకపోతే ‘కెన్ యూ గివ్ మీ సమ్ అడ్వైస్’ అని మొదలుపెట్టు.