పార్శ్వనొప్పి: అమెరికా డాక్టరుకి మన ఆడవాళ్లు చెప్పకుండా వదిలేసేవి

పోయిన శ్రావణంలో, మా వీధి చివరి అపార్ట్‌మెంట్లోకి గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి వరలక్ష్మీ వ్రతం పేరంటానికి రాలేదు. చీకటి పడకముందే నేనే తాంబూలం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బయట డాలస్ ఎండ ఇంకా మండిపోతోంది. లోపల బ్లైండ్స్ అన్నీ దించేసి ఉన్నాయి. తలకి చున్నీ బిగించి కట్టుకుని, పక్కన బకెట్ పెట్టుకుని పడుకుని ఉంది పిల్ల. "ఏం లేదక్కా, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా, పైత్యం చేసింది" అంది కళ్లు తెరవకుండానే. దిండు పక్కన అమృతాంజనం సీసా, సగం ఖాళీ అయిన వాసోగ్రెయిన్ స్ట్రిప్పు ఉన్నాయి.

నేను 2008లో వచ్చినప్పుడు నా పరిస్థితీ అచ్చం ఇదే. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, పదిహేనేళ్లకు పైగా ఈ నొప్పితో కాపురం చేసిన మనిషిని.

ముందుగా ఒక మాట. అది పైత్యం కాదు. వేడి చేయడమూ కాదు. మనం పార్శ్వనొప్పి, ఒంటికణత నొప్పి అని పిలిచే మైగ్రేన్ మెదడుకీ నరాలకీ సంబంధించిన జబ్బు. చాలామందికి వంశంలోనే వస్తుంది. మీ అమ్మగారో అమ్మమ్మగారో నెలకోసారి తలకి గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకోవడం మీరు చూసే ఉంటారు. వాంతులు ఈ జబ్బులో భాగం. వెలుతురు, చప్పుడు, పోపు వాసన భరించలేకపోవడమూ అంతే. ఈడు వచ్చాక మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఇది దాదాపు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, చాలామందికి నొప్పిని లేపేది అదే. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపల మీకు నొప్పి వస్తోందేమో గమనించండి. అలా వస్తుంటే అది డాక్టరుకి చెప్పాల్సిన మొదటి విషయం. ఎందుకంటే సైకిల్ సరిగ్గా వచ్చేవాళ్లకి ఆ ఐదారు రోజులు మాత్రమే వేసుకునే నివారణ మందులు ఉన్నాయి. మగ డాక్టరు ముందు నెలసరి మాట ఎలా ఎత్తాలని నేను రెండేళ్లు ఊరుకున్నాను. ఆ రెండేళ్లూ ఉత్తినే పోయాయి.

ఇక సూట్‌కేసు మందుల సంగతి. ఇంటి నుంచి వస్తూ అందరం డోలో, సారిడాన్, వాసోగ్రెయిన్ తెచ్చుకుంటాం. డోలోలో ఉన్నదీ ఇక్కడి టైలెనాల్‌లో ఉన్నదీ ఒకే మందు, పారాసెటమాల్. ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. ఎక్సెడ్రిన్‌లో కూడా అది ఉంటుంది, దానికి తోడు ఆస్పిరిన్, కెఫీన్ ఉంటాయి. పేర్లు వేరు కదా అని ఒకదాని మీద ఒకటి వేసుకుంటే కాలేయానికి ముప్పు. అసలు భయపడాల్సింది వాసోగ్రెయిన్ విషయంలో. అందులో ఎర్గోటమిన్ ఉంటుంది, అది రక్తనాళాలను బిగిస్తుంది. ఇక్కడి డాక్టరు మైగ్రేన్‌కి సాధారణంగా మొదట రాసేది సుమట్రిప్టాన్ లాంటి మందు. అదీ రక్తనాళాలను బిగించేదే. ఈ రెండూ 24 గంటల లోపల కలవకూడదు. గర్భంతో ఉన్నవాళ్లు ఎర్గోటమిన్ అసలు ముట్టకూడదు. డాక్టరు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే ఇండియా మాత్రలు లెక్కలోకి రావనుకుని "లేదు" అనేస్తాం. స్ట్రిప్పు పర్సులో వేసుకెళ్లి చూపించండి. హైదరాబాద్ డాక్టరు ఫ్లూనరిజిన్ రాసి ఉంటే అది అమెరికాలో దొరకదు. ఇక్కడి డాక్టరు దాని పేరు విని ఉండకపోవచ్చు కూడా. ఆ చీటీ కూడా తీసుకెళ్లండి.

ఇంకొకటి. నొప్పి మాత్రలే నొప్పిని పెంచుతాయంటే నేను మొదట నమ్మలేదు. కానీ నిజం. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు గానీ కెఫీన్ కలిసిన మాత్రలు గానీ 10 రోజులు దాటి, మూడు నెలలకు పైగా అలాగే వాడితే, ఆ వాడకమే రోజూ తలనొప్పి తెచ్చిపెడుతుంది. మూడోసారి వెళ్లినప్పుడు గానీ నన్ను ఏ డాక్టరూ మాత్రలు వేసుకున్న రోజులు లెక్కపెట్టమనలేదు. లెక్కపెడితే నెలకి పంతొమ్మిది వచ్చాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, దయచేసి రెండుసార్లు చదవండి. నొప్పి మొదలయ్యే ముందు కొందరికి కళ్ల ముందు మెలికల ముగ్గులాంటి మెరిసే గీత కనిపిస్తుంది. చదువుతున్న లైన్లో అక్షరాలు మాయమవుతాయి, చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఐదు నిమిషాల నుంచి గంట లోపల అది సర్దుకుంటుంది. దీన్ని ఆరా అంటారు. ఆరా వచ్చేవాళ్లకి పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆ ముప్పును ఇంకా పెంచుతాయి, పొగ తాగే అలవాటు కూడా ఉంటే మరీను. అందుకే ఆరా ఉన్నవాళ్లకి ఆ మాత్రలు ఇవ్వరు, వేరే రకాలు ఇస్తారు. పిల్లలు అప్పుడే వద్దనుకునే కొత్త దంపతులే ఈ మాత్రలు వాడతారనుకోకండి. పీసీఓడీకి ఇచ్చే మాత్రలు చాలావరకు ఇవే. తిరుపతి ప్రయాణానికి, ఇంట్లో పెళ్లికి నెలసరి వాయిదా వేయమని అడిగినా హార్మోన్ మాత్రే రాస్తారు. గైనకాలజిస్టుకి మీ తలనొప్పి సంగతి తెలియదు, తలనొప్పి చూసే డాక్టరుకి మీ పిల్, అంటే ఈ మాత్రల సంగతి తెలియదు. మీరే ఇద్దరికీ చెప్పాలి.

వచ్చే ఏడాదిలో పిల్లల్ని కనాలనుకుంటుంటే అదీ ముందే చెప్పండి. తలనొప్పి రాకుండా ఆపడానికి ఇచ్చే మందుల్లో టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. ఇవి కాక ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివీ ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ప్రొప్రనొలాల్ జోలికి వెళ్లకూడదు. 2018 నుంచి ఒంట్లో మైగ్రేన్ నొప్పిని లేపే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే కొత్త మందులు వచ్చాయి, నెలకో ఇంజెక్షన్ అవే. వీటినే మొదటి మందుగా ఇవ్వవచ్చని అమెరికన్ హెడేక్ సొసైటీ 2024లో చెప్పింది. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు పాత మందులు రెండు మూడు వాడి చూశాకే డబ్బులిస్తామంటారు. ఏ మందు ఏ నెల నుంచి ఏ నెల దాకా వాడారో, ఎందుకు ఆపారో రాసి పెట్టుకుంటే ఆ కాగితమే మీకు పనికొస్తుంది.

డబ్బు భయంతో ఆగిపోకండి. సుమట్రిప్టాన్ జెనెరిక్ చవకే, కాకపోతే ఇన్సూరెన్స్ ప్లాన్లు నెలకి తొమ్మిది మాత్రలకు మించి ఇవ్వవు చాలాసార్లు. నొప్పి ముదిరాక కాదు, మొదలవగానే వేసుకోవాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు వేసుకోకూడదు. దీనికి న్యూరాలజిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, పీసీపీ అనే మన ఫ్యామిలీ డాక్టరే రాస్తారు. ఏడాదికోసారి ఉచితంగా చేసే చెకప్‌లో ఈ విషయం కదిపితే విడిగా బిల్లు రావచ్చు, పైగా అక్కడ టైమ్ చాలదు. తలనొప్పి కోసమే వేరే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

వెళ్లేముందు రెండు నెలలు గోడ క్యాలెండర్‌లో గుర్తులు పెట్టండి: నెలసరి రోజులు, నొప్పి రోజులు, మాత్రల రోజులు. డాక్టర్లు మైడాస్ అని ఐదు ప్రశ్నల కాగితం ఇస్తారు. అందులో మూడు నెలల్లో ఇంటిపని చేయలేకపోయిన రోజులెన్ని అని విడిగా అడుగుతారు. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే హెచ్4 వీసా మీద ఇంట్లో ఉండే అమ్మాయిలు "నాకేం ఉద్యోగమా, పడుకుంటే పోయె" అనుకుంటారు. వంట చేయలేక, పిల్లాణ్ణి ఎత్తుకోలేక పోయిన రోజు కూడా జబ్బు లెక్కలో పడే రోజే.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని. ఖాళీ కడుపు చాలామందికి నొప్పిని లేపుతుంది. ఏకాదశి, కార్తీక సోమవారం ఉపవాసాలకు పాలో పండో తీసుకుంటే దేవుడికి కోపం రాదని నా నమ్మకం. తలస్నానం చేసి తడి జుట్టుతో ఉంటే నొప్పి వచ్చేవాళ్లు మనలో ఎందరో, అది అపోహ కాదు, మన దేశపు డాక్టర్లు గమనించి రాసిందే. వెంటనే ఆరబెట్టుకోండి. మార్చిలో, నవంబరులో ఇక్కడ గడియారం గంట ముందుకో వెనక్కో మార్చిన వారం నిద్ర జాగ్రత్త. మన ఊళ్లో రోజుకి రెండు చిన్న గ్లాసుల కాఫీ తాగి, ఇక్కడి పెద్ద కప్పులకి అలవాటుపడి, శనివారం ఆలస్యంగా లేస్తే ఆ తలనొప్పి కాఫీ అందకపోవడం వల్ల కూడా కావచ్చు.

కొన్నిటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. పిడుగు పడ్డట్టు క్షణాల్లో వచ్చిన, జీవితంలో ఎప్పుడూ ఎరగనంత నొప్పి. జ్వరంతో మెడ బిగిసిపోవడం. మాట తడబడటం, ఒక పక్క చేయి పడిపోవడం. వీటికి 911కి ఫోన్ చేయండి. గర్భం ఐదో నెల దాటాక గానీ కాన్పయిన వారాల్లో గానీ కొత్తగా గట్టి తలనొప్పి వస్తే అదే రోజు డాక్టరుకి చెప్పాలి, బీపీ చూడాలి.

ఇంగ్లీషులో నొప్పి చెప్పడం రాదని వెనకాడే వాళ్లకి ఒక మాట. ఆస్పత్రుల్లో, చాలా క్లినిక్కుల్లో ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలని ఇక్కడి చట్టం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. భర్త గదిలో ఉన్నా సరే, నెలసరి, పిల్ విషయాలు మీ నోటితో చెప్పుకోవడం వేరు. నేను వచ్చిన కొత్తలో ఒక క్లినిక్కులో పదిలో ఎంత నొప్పి అని అడిగితే, అంతకంటే ఎక్కువ చెబితే బాగుండదని నాలుగు అన్నాను. ఏడు నిమిషాల్లో "స్ట్రెస్, నీళ్లు తాగండి" అని పంపేశారు.

ఆ గుంటూరు అమ్మాయితో అక్టోబరులో నేనే వెళ్లాను. స్పీకర్ ఫోన్‌లో ఎక్కడి నుంచో ఒక తెలుగు గొంతు "పదిలో ఎంత ఉంటుందండీ నొప్పి?" అని అడిగింది. పిల్ల నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. "తొమ్మిదండీ" అంది. అని పర్సులోంచి స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టింది.