సమాధానం: చదువు అయిపోయాక ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నాను

22 ఏళ్లకు చదువు అయిపోయిందని, అప్పటి నుంచి ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నానని, తెల్లవారుజామున గానీ నిద్రపట్టడం లేదని, అందరూ ముందుకెళ్లిపోయారనిపిస్తోందని రాశారు. దాన్ని బట్టి ఇది బద్ధకంలా లేదు. చదువు ఉన్నన్నాళ్లూ టైమ్‌టేబుల్, పరీక్షలు, స్నేహితులు కలిసి మీ రోజుకు ఒక పద్ధతి ఏర్పరిచాయి. 22 ఏళ్లకు అవన్నీ ఒక్కసారే పోయాయి. తెల్లవారుజామున నిద్రపట్టడం, "అందరూ ముందుకెళ్లిపోయారు" అనిపించడం చాలావరకు దాని వెంట వచ్చినవే.

1. లేచే వేళ ఖాయం చేయండి. ఎప్పుడు పడుకున్నా, సెలవైనా అదే వేళ. కొన్నాళ్లకు రాత్రి నిద్ర దానంతటదే పెందలాడే వస్తుంది. మీ వయసుకు 7 నుంచి 9 గంటలు కావాలి.

2. చాలామంది పొరపడేది ఇక్కడే: మనసు కుదిరాక మొదలుపెడదామని ఆగుతారు. దిగులులో పని ముందు, ఉత్సాహం తర్వాత. రేపటికి రెండే పనులు, వేళతో సహా, ఈ రాత్రే కాగితం మీద రాయండి. "ఉద్యోగం వెతకాలి" అని కాదు, "10 గంటలకు రెజ్యూమెలో చదువు వివరాలు నింపాలి" అని. రెండో పని ఎవరినైనా కలిసేదై ఉండాలి. చేశాక మనసెలా ఉందో 10కి ఒక అంకె వేయండి. మొదట్లో అంకె కదలకపోవచ్చు, అయినా ఆపకండి. (కొత్త చిట్కా ఏం కాదు, చికిత్సలో దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.)

3. జీవితాంతం ఏం చేయాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు. మూడు నెలలకు సరిపడా నిర్ణయం చాలు.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం దాదాపు రోజంతా, 2 వారాలు దాటి ఉంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకండి. వెంటనే దగ్గరివాళ్లకు చెప్పి, వాళ్లను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.