సైన్యం వెనుదిరిగిన తీరు

ప్రశ్న: ఇరవై ఏళ్లు పోరాడిన అమెరికా అఫ్గానిస్తాన్ నుంచి అంత గందరగోళంగా ఎందుకు వైదొలగింది? సోవియట్ సేనలూ అలాగే వెళ్లాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తాలిబన్లతో చేసుకున్న ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వం భాగస్వామి కాదు, పైగా వెళ్లే గడువు ముందే తెలిసిపోవడంతో తాలిబన్లకు రాజీపడవలసిన అవసరం తగ్గింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లోపం అఫ్గాన్ సైన్యాన్ని తీర్చిదిద్దిన విధానంలోనే ఉంది. వైమానిక దళపు విమానాల మరమ్మతులకు ఎక్కువగా విదేశీ కాంట్రాక్టర్లపైనే ఆధారపడినందువల్ల, వారు వెళ్లిపోగానే మారుమూల స్థావరాలకు ఆహారం, మందుగుండు చేరవేయడం కష్టమైంది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైంది.

సోవియట్ సేనలు 1989 ఫిబ్రవరి 15 నాటికి క్రమపద్ధతిలోనే వైదొలగాయి. అయినా వారి మద్దతున్న అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం మాస్కో సాయం అందినంత కాలమే నిలిచి, 1992 ఏప్రిల్‌లో కూలిపోయింది. ఇక అమెరికా సేనలకు పనిచేసిన అఫ్గాన్ అనువాదకులకు వీసాలివ్వడమన్నది (ఇది కేవలం కాగితాల పని కాదు) అమెరికా చివరి నెలల దాకా ఆగకుండా ఎంతో ముందే పూర్తిచేయవలసిన బాధ్యత.