భుజం మీద చెయ్యి చాలదు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు గీసి పంపిన బొమ్మ, అంటే కోనన్ డాయిల్ కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్, అతని మిత్రుడు వాట్సన్‌ల బొమ్మ, దాని కింద రాసిన మాటలు అందాయి. గీతలో నిలకడ ఉంది, ముఖాలు ఇట్టే పోల్చుకునేలా ఉన్నాయి. కాని ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని మనవైపు చూసి నవ్వుతున్నారు. ఫొటో తీయించుకునేవాళ్లు అలా నిలబడతారు. ఒకరి ధ్యాస ఒకరి మీద ఉన్నవాళ్లకు మనల్ని చూసే తీరిక ఉండదు.

1887లో పాఠకులకు పరిచయమైన నాటి నుంచి హోమ్స్ తన మిత్రుణ్ణి ఆటపట్టిస్తూనే ఉంటాడు, సగం సంగతులు అతని దగ్గర కూడా దాస్తాడు. 1924లో అచ్చయిన ‘ది త్రీ గారిడెబ్స్’ కథలో ఒక దుండగుడు పేల్చిన గుండు వాట్సన్ తొడకు తగులుతుంది. హోమ్స్ అతన్ని పొదివి పట్టుకుని కుర్చీ దాకా నడిపించి, జేబుకత్తితో ప్యాంటు చీల్చి గాయం చూస్తాడు. ఆ కొద్ది క్షణాలు అతని కళ్లు మసకబారతాయి, పెదవులు వణుకుతాయి. గాయం పైపైదేనని తేలగానే మళ్లీ పాత హోమ్స్ అయిపోతాడు. అంతా కలిపి కొన్ని వాక్యాలే.

ఇప్పుడు ఒక్క విషయం గమనించు. ఆ కళ్లు మసకబారాయని మనకు చెప్పినవాడు వాట్సన్. అంటే గుండు తగిలిన మనిషి తన తొడ వైపు కాక స్నేహితుడి ముఖం వైపు చూస్తున్నాడు. ఆ స్నేహితుడేమో గాయం తప్ప మరొకటి చూడడం లేదు. రెండు చూపులూ కలవవు. నీ బొమ్మకు కావలసింది ఆ కలవని చూపులే. కత్తి పట్టిన వేళ్లలో తొందర కనిపించనివ్వు, చిరిగిన గుడ్డ అంచును ఓపికగా గీయి, కన్నీటి చుక్క మాత్రం వద్దు. నా తొలి రోజుల్లో ఇలాంటి జంటనే గీసి ఒకరి చెంప నిండా కన్నీళ్లు పెట్టాను. కథ బాగా తెలిసిన ఒక పెద్దాయన చూసి, “ఇతను ఏ పేజీలో ఏడ్చాడు?” అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అలాగని మూలంలో లేని గీత ఒక్కటీ గీయకూడదని కాదు. హోమ్స్ అనగానే నీకూ నాకూ తోచే ఆ రెండు అంచుల వేటగాడి టోపీ 1891లో, హోమ్స్ కథలు అచ్చువేసిన స్ట్రాండ్ పత్రికకు బొమ్మలు వేసిన సిడ్నీ పేజెట్ పెట్టినది. అతను ఆ టోపీ గీసిన కథలో ఉన్నది తలకు బిగుతుగా పట్టే గుడ్డ టోపీ అన్న మాట మాత్రమే. రచయిత ఖాళీ వదిలినచోట చిత్రకారుడు అడుగుపెట్టాడు, రాసినదాన్ని తుడిచెయ్యలేదు. నీకూ అలాంటి ఖాళీ ఉంది: హోమ్స్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడో, వంగి నిలబడ్డాడో కథ చెప్పదు. కూర్చోబెడితే ఎప్పుడూ పైనుంచి మాట్లాడే మనిషి ముఖం మొదటిసారి వాట్సన్ ముఖం కన్నా కిందికి వస్తుంది. నేనైతే కూర్చోబెడతాను.

బొమ్మ కింద “ఇంతకన్నా గొప్ప స్నేహం లేదు” అని రాశావు. అది తీసెయ్యి. కథ పేరు, రచయిత పేరు ఉంటే చాలు. ఇంకో అభిమాని వేసిన భంగిమ మీద కాగితం పెట్టి గీసే అలవాటుంటే ఈ రోజే మానుకో, దాని గురించి ఇంతకన్నా చెప్పను.

ఆ పేజీ మరోసారి చదివి, ముందు కుర్చీని, ఆ తరువాత నాలుగు చేతులను మాత్రం పెన్సిలుతో చిత్తుగా వేసి పంపు. ముఖాలు, రంగులు తరువాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి